బాపట్లలో పండిన ఇటలీ ద్రాక్ష

ముందుగా ప్రమాణం. ఈ కింద రాసిన ప్రతి ముక్కా నిజం. మా అమ్మ సమాధి మీద ఒట్టు. నా తలగడ పక్కన ఉండే నల్లట్ట బైబిలు మీద ఒట్టు. అసలు ఒట్టే పెట్టకూడదని మా బోధ. అయినా పెడుతున్నానంటే, నేను టైమెంతయిందో చెప్పినా ఇంకో గడియారం చూసుకునే జనం మధ్య బతుకుతున్నాను కనుక.

కెనడాలో, టొరంటో దగ్గరి ఒషావాలో ఒక ఇటాలియన్ రెస్టారెంటులో పద్నాలుగేళ్ళు సర్వర్‌గా పని చేశాను. కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన ముసలాళ్ళు భార్యల్ని వెంటబెట్టుకుని శుక్రవారం సాయంత్రాలు వచ్చే చోటు. పన్నెండు టేబుళ్ళు, వాటి మీద ఎర్ర గళ్ళ గుడ్డలు, వంటింట్లో ఓనరమ్మ. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని ఇటలీ నుంచి ఓడలో వచ్చిందట. డెబ్బై దాటినా పొయ్యి ముందు నుంచి కదిలేది కాదు. హాల్లోకి వస్తే కస్టమర్లు బుగ్గలు ముద్దాడతారని ఆవిడకి చిరాకు. అంచేత హాల్లో నేనేం చెబుతున్నానో ఆవిడకి ఏనాడూ తెలియలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

మా సంఘంలో మాత్రం ఆలివ్ నూనె వ్యాపారంలో ఉన్నానని చెప్పుకున్నాను. నేను సంఘ పెద్దని. మాది కోస్తా బాప్టిస్టు కుటుంబం. ప్రభువు బల్ల దగ్గర కూడా బుల్లి గ్లాసుల్లో ద్రాక్షరసమే తప్ప పులిసినది ముట్టం. అలాంటివాడు సాయంత్రమయ్యేసరికి సీసా మెడకి తెల్లగుడ్డ చుట్టి వైన్ పోస్తున్నాడంటే బావుండదు కదా. పాస్టరు గారు ఒకసారి ప్రార్థన నూనె కోసం మంచి సీసా ఒకటి తెమ్మన్నారు. తెచ్చాను. ఆ నూనెతో ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయని సాక్ష్యం కూడా చెప్పారు. నిజం తెలిసింది మా ఆవిడ ఒక్కర్తికే. "మీ నూనె చొక్కా ఉతికాను, వైన్ మరక పోలేదు" అనేది, సాక్ష్యాల రోజున ఇంటికి వచ్చాక.

వైన్ వడ్డించాలంటే రుచి తెలియాలి. రుచి తెలియాలంటే నోట్లో పోసుకోవాలి. నేనొక మధ్యేమార్గం కనిపెట్టాను: పుక్కిలించి ఉమ్మేయడం. గొంతు దిగనిది పాపం కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. మొదటిసారి నేను సింకు మీదికి వంగి ఉమ్మడం చూసి ఓనరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. వైన్ రుచి చూడటమే వృత్తిగా ఉన్న మహామహులు రోజుకు ఎన్నో సీసాలు చూడాలి కనుక మింగరట, ఇలాగే ఉమ్మేస్తారట.

"ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావు?" అంది.

"మా తాతగారి దగ్గర" అన్నాను. మా తాతగారు జన్మలో ఉమ్మింది తాంబూలం ఒక్కటే. ఆ రోజు నుంచి ఆ రెస్టారెంటులో వైన్ విషయంలో నా మాటకి తిరుగు లేదు.

మా హౌస్ వైన్, అంటే పేరు చెప్పకుండా అడిగితే పోసేది, వెర్దిక్కియో అనే తెల్ల వైన్. బాగా డ్రై. డ్రై అంటే ద్రాక్షలోని తీపి ఒక్క చుక్క కూడా మిగలకుండా పులిసిందని అర్థం. లేత ఎండుగడ్డి రంగు, నిమ్మతొక్క వాసన, మింగాక చివర్లో బాదంపప్పు కొరికితే తగిలే చిరుచేదు. ఈ చివరిది నాకు వినికిడి మాత్రమే, నేను మింగను కదా. తీపి కూల్‌డ్రింకులకు అలవాటు పడ్డ మా ముసలాళ్ళకి అది ఎక్కేది కాదు. ఒక గుక్క తాగి మొహం చిట్లించి బీరు తెమ్మనేవారు. అందుకని ఒక కథ కట్టాను.

నేను ఇటలీ చూడలేదు. చూసింది బాపట్ల. సూర్యలంక సముద్రపు ఒడ్డుని ఎత్తుకెళ్ళి ఇటలీలో పెట్టాను. ఒడ్డు పక్కన ఒక కొండ లేపాను. మా మిషన్ కాంపౌండులో సైకిలు తొక్కిన దొరసానమ్మలకి ముసుగులు తొడిగి కన్యస్త్రీలను చేశాను. చాకిరేవు దగ్గర తిరిగే గాడిదకి ద్రాక్షబుట్టలు కట్టాను. ఆ కన్యస్త్రీలు కోసిన ద్రాక్షని సముద్రపు నీళ్ళలో ఏడు మునకలు వేయిస్తారనీ, వైన్‌లో తగిలే ఉప్పూ చేదూ ఆ మునకలవేననీ, బుట్టలు మోసే గాడిద గనక దారిలో ఓండ్ర పెడితే ఆ ఏడు పంట అమ్మరనీ చెప్పేవాణ్ణి. ముసలాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవారు. తెరిచిన నోట్లో వైన్ పోయడం తేలిక. ఏ రాత్రీ బీరు అడగనివ్వలేదు.

ఇలా సాగుతుండగా మన పిల్లలు దిగారు. అంతకుముందు బస్సులో తెలుగు వినబడితే ఎవరా అని మెడ తిప్పి చూసేవాణ్ణి. ఆ ఏళ్ళలో అలా తిప్పుతూ పోతే మెడ పట్టేసేది. ఒక్కో బేస్‌మెంటులో ఆరుగురు, ఒక్కో పార్ట్‌టైమ్ జాబ్‌కి అరవై మంది. మధ్యాహ్నం తలుపు తీసేసరికి చలిలో రెజ్యుమేలు పట్టుకుని వరస. కన్సల్టెన్సీవాడు చెప్పిన కెనడా వేరు, వాళ్ళు కాళ్ళు తడుపుకుంటూ నిలబడ్డ కెనడా వేరు. నన్ను మించిన కథకులు హైదరాబాదులో ఆఫీసులు పెట్టుకుని ఉన్నారని నాకు అప్పుడు తెలిసింది. ఓనరమ్మ ఆ కాగితాలు తీసుకుని, చదవకుండా, నూనె కారే ట్రేల కింద పరిచేది.

ఆ వరసలోంచి ఆవిడ లోపలికి పిలిచింది ఒక్క అమ్మాయిని. వరంగల్ దగ్గర పల్లె. ఇక్కడ కాలేజీ ముగించి వర్క్ పర్మిట్ మీద ఉంది. ఆ అమ్మాయినే ఎందుకంటే, "అవి పని చేసిన చేతులు" అంది ఓనరమ్మ.

వచ్చిన మొదటి వారమే నా కథ ఆ అమ్మాయి చెవిన పడింది. ఖాళీ గ్లాసులతో వంటింట్లోకి వస్తుంటే గుమ్మంలో ఆపింది.

"అంకుల్, గాడిద ఒర్రితే వైన్ అమ్మరా?"

"అమ్మరమ్మా. అశుభం."

"ఒర్రకుంట ఎట్లుంటది? అది గాడిద గద!"

"ఇటలీ గాడిద. పెంపకం వేరు."

"మీరు తాగి సూశిన్రా ఈ వైన్?"

"నేనా? ఛీ, ఉమ్మేస్తాను."

"తాగకుంటనే గింత కథ చెప్తున్నరా! తాగితే ఇంకెంత చెప్తరో!"

అని సీసా అడుగున మిగిలింది గ్లాసులో వంచుకుంది. వాసన చూసింది. తాగింది.

"పొద్దుగాల దించిన ఈత కల్లు లెక్క ఉన్నది అంకుల్. ఎండ తగలకముందు తాగుతం సూడు, గట్ల. తీపి పోయింది, పులుపు ఇంక ముదరలే."

వాళ్ళ నాన్న కల్లు గీస్తాడు. చెట్టుచెట్టుకీ రుచి ఎలా మారుతుందో, కడగని కుండ వాసన ఎంత దూరం నుంచి పట్టిస్తుందో, పొద్దెక్కేకొద్దీ గంటగంటకీ కల్లు ఎలా తిరుగుతుందో పలక పట్టకముందే నాలుకతో నేర్చుకున్న పిల్ల. నేను పద్నాలుగేళ్ళుగా గాలిలో కట్టిన కోటని ఒక్క గుక్కతో దాటేసింది. నాకు కథ ఉంది, ఆ అమ్మాయికి నాలుక ఉంది. ఆ రోజు నవ్వాను గానీ, నవ్వు కింద ఏదో గీరుకుంది.

స్టాఫ్ భోజనం నాలుగున్నరకి, తలుపులు తెరిచే ముందు. ఒక చలికాలపు సాయంత్రం మా ఆవిడ వంజరం ముక్కలు వేయించి పెట్టింది. కారం, అల్లం వెల్లుల్లి పట్టించి, అంచులు కరకరలాడేటట్టు. పప్పుచారన్నం వేరే డబ్బాలో. అద్దాల అవతల పార్కింగ్ లాట్ మీద మంచు పడుతోంది. అమ్మాయి డబ్బాలోకి తొంగిచూసి, ఒక ముక్క అడగకుండానే తీసుకుని, రెండు గ్లాసుల్లో వెర్దిక్కియో పోసి ఒకటి నా ముందు పెట్టింది. గ్లాసు చల్లదనానికి బయట చెమట పట్టింది.

"ఇయ్యాల ఉమ్మకుర్రి అంకుల్. మింగుర్రి."

"నేను సంఘ పెద్దనమ్మా."

"చేప తినుకుంట ఉమ్మితే ఆ చేపకు పాపం. అది మీ కోసమని అంత దూరం ఐస్‌ల పండుకొని వచ్చింది."

చేప ముక్క నోట్లో పెట్టుకున్నాను. కారం నాలుక మీద మండుతుండగా ఒక గుక్క తాగాను. మింగాను. నా వయసు అప్పటికి నలభై తొమ్మిది. ఇంతకాలం నోట్లో తిప్పి పారబోసినది ఇదా అనిపించింది. చల్లటి పులుపు కారాన్ని ఆర్పలేదు, పదును పెట్టి పక్కన నిలబెట్టింది. నూనె జిడ్డుని కడిగేసింది. అల్లం మళ్ళీ కొత్తగా తగిలింది. ఆ వెనక, గొంతు దిగుతుండగా, ఆ చిరుచేదు వచ్చింది. ఉమ్మేవాడికి ఎన్నేళ్ళయినా అందని రుచి అది, గొంతు దాటాక గానీ రాదు. ఆ చేదు పోవాలంటే ఇంకో చేప ముక్క కావాలి. ముక్క తింటే ఇంకో గుక్క కావాలి. ఇద్దరం డబ్బా ఖాళీ చేశాం. పప్పుచారుకి మాత్రం వైన్ నప్పలేదు, అమ్మాయి మొహం చిట్లించి "పులుపు పులుపు కొట్టుకుంటున్నయి" అంది. ఓనరమ్మ వచ్చి డబ్బా అడుగున మిగిలిన కారం వేలితో నాకి, తన భాషలో ఏదో అని, సీసాలో మిగిలింది తన గ్లాసులో వంచుకుంది.

నా జీవితంలో అంత తృప్తిగా తిన్న పూటలు ఎక్కువ లేవు. దాన్ని అక్కడితో వదిలేసి ఉంటే ఎంత బావుండేది.

గ్లాసులు కడుగుతూ అమ్మాయి అడిగింది: "నిజం చెప్పుర్రి అంకుల్. ఆ కన్యస్త్రీల ముచ్చట ఉత్తదే గద? కాని నాలుక మీద జర ఉప్పు తగుల్తుంది. అందుకే అడుగుతున్న."

అప్పుడు నవ్వేసి ఉత్తదేనమ్మా అంటే సరిపోయేది. కానీ పది నిమిషాల క్రితమే నాకు తాగడం నేర్పింది. రుచిలో నన్ను గెలిచింది, నా డబ్బాలో చేపతోనే గెలిచింది. కథలో కూడా గెలవనివ్వడం నా వల్ల కాలేదు.

"బైబిలు మీద ఒట్టు" అన్నాను.

నా మొహంలోకి చూసింది. "మీరు దేవుని మీద ఒట్టేస్తే ఇగ నమ్ముత" అంది.

ఇక అసలు సంగతి. ఆ వసంతంలో ఓనరమ్మకి హాలు చూసుకోవడానికి ఫుల్‌టైమ్ సూపర్‌వైజర్ కావలసి వచ్చింది. ఆ అమ్మాయి పర్మిట్ ఇంకా ఏడాది చిల్లర మిగిలి ఉంది. సర్వర్‌గా ఎన్నేళ్ళు చేసినా ఆ అమ్మాయి అప్లై చేయాలనుకున్న PRకి, అంటే ఇక్కడే స్థిరపడే హక్కుకి, పనికిరాదు, సూపర్‌వైజర్‌గా ఏడాది చేస్తే పనికొస్తుంది. అంటే ఆ పోస్టు వెంటనే వస్తే ఈ దేశంలో ఉంటుంది, రాకపోతే లేదు. నాకు ఆ పోస్టుతో పని లేదు. సిటిజన్‌ని అయి చాలా ఏళ్ళయింది. అయినా ఓనరమ్మ ఇద్దరినీ పిలిచి, వైన్ తెప్పించే ఆయన సోమవారం టొరంటో నుంచి వస్తాడు, ఇద్దరూ రుచి చూసి చెప్పండి, అప్పుడు నిర్ణయిస్తాను అంటే, నన్ను పరీక్షించడమేమిటని మనసులో మండింది. వద్దు, ఆ అమ్మాయికే ఇచ్చేయండి అనలేదు.

సోమవారం పదకొండు గంటలకి, హాలు ఖాళీగా ఉండగా, ఆయన మా ఇద్దరి ముందూ మూడేసి గ్లాసులు పెట్టాడు. నేను మహామహుడిలా పుక్కిలించి ఉమ్మాను. "లోతుంది" అన్నాను. "రెండోదానిలో విషాదం ఉంది" అన్నాను. ఆయన మర్యాదగా తలాడించాడు.

అమ్మాయి మింగింది. "రెండోది నిన్న తెరిచిన సీసా" అంది ఇంగ్లీషులో. ఆయన మొహం ఎర్రబడింది. ముందురోజు వేరే రెస్టారెంటులో తెరిచి, మిగిలింది పట్టుకొచ్చాడట. "మూడోది వేయించిన చేపకి పెట్టండి, టమాటా సాస్‌కి వద్దు, రెండూ పులుపే" అంది. ఓనరమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూస్తే పోస్టు ఎవరిదో గుడ్డివాడు కూడా చెప్పేస్తాడు.

"ఇప్పుడు మన హౌస్ వైన్ గురించి ఈయనకి చెప్పు. కస్టమర్లకి చెప్పినట్టే చెప్పు" అంది ఓనరమ్మ మురిసిపోతూ.

అమ్మాయి నిటారుగా నిలబడి చెప్పింది. సముద్రపు ఒడ్డు. ఒడ్డు పక్కన కొండ. ముసుగుల్లో కన్యస్త్రీలు. ఏడు మునకలు. గాడిదని కూడా వదలలేదు. నా బాపట్ల అంతా వరంగల్ యాసలో ఇంగ్లీషై, వచ్చినాయన ముందు నిలబడింది. ఆయన పగలబడి నవ్వాడు. ఓనరమ్మ నవ్వలేదు.

"అది మా ఊరి వైన్" అంది. "మా నాన్న వదిలి వచ్చిన నేల. ఇప్పుడు మా అన్న పిల్లలు చేస్తున్నారు. మా ఊరి నుంచి సముద్రం కనబడదు, మధ్యలో కొండలు అడ్డం. నేను సముద్రం మొదటిసారి చూసింది ఓడ ఎక్కిన రోజున. ఆ తోటలో రాళ్ళు ఏరి ఏరి మా నాన్న నడుము వంగిపోయింది. అక్కడ కన్యస్త్రీలెవరు? ఈ అబద్ధం నీకు ఎవరు చెప్పారు?"

అమ్మాయి నా వైపు చూసింది.

అప్పుడు నేను లేచాను. "ఆ కథ నాది" అన్నాను. "ఆ సముద్రం బాపట్లది. ఆ కన్యస్త్రీలు మా మిషన్ దొరసానమ్మలు. నేను ఈ అమ్మాయికి బైబిలు మీద ఒట్టు పెట్టి అబద్ధం చెప్పాను. తప్పు నాది, నాలుక ఆమెది. పోస్టు ఆమెకివ్వండి" అన్నాను. ఓనరమ్మ చేతిలోని తువ్వాలు నా మొహాన విసిరింది, తర్వాత అమ్మాయిని దగ్గరికి తీసుకుంది. ఆ అమ్మాయికి ఇప్పుడు PR వచ్చింది, వాటర్లూలో ఉంటోంది, ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంటికి వస్తే మా ఆవిడ వంజరం వేయిస్తుంది, సీసా చల్లబరిచే పని నాది.

మొదట్లో ప్రతి ముక్కా నిజమని ఒట్టు పెట్టాను. "అప్పుడు నేను లేచాను" అన్న దగ్గర నుంచి క్రిస్మస్ దాకా నేను కల్పించింది.

నేను లేవలేదు. గ్లాసు కాడ పట్టుకుని, అందులో ఏదో నలుసు పడ్డట్టు చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపు చూశానంటే, చివరికి అమ్మాయే చూపు తిప్పుకుని, "ఇంటర్నెట్‌లో చదివాను" అంది. నన్ను చూపించి ఒక్క మాట అనలేదు. ఓనరమ్మ, "మా నాన్న నేల మీద చెత్త చదివొచ్చి పోసేవాళ్ళు నాకొద్దు" అంది. పోస్టు నాకిచ్చింది. తీసుకున్నాను. ఆ అమ్మాయికి షిఫ్టులు తగ్గించమని ఓనరమ్మే చెప్పింది. సూపర్‌వైజర్‌గా నేను మొదట రాసిన షెడ్యూలు అదే. ఆరు రోజులున్న చోట రెండు రాశాను, నా చేతిరాత బావుంటుందని ఆ కాగితం గోడకి అంటించారు.

నెల తిరగకుండానే మానేసి, దేశానికి ఆ చివరనున్న సర్రీ వెళ్ళింది. అక్కడ ఎవరో తెలిసినవాళ్ళ రెస్టారెంటులో అలాంటి పోస్టే చూస్తామన్నారట. అదీ కుదరలేదనీ, పర్మిట్ అయిపోయి ఇండియా వెళ్ళిపోయిందనీ తర్వాత తెలిసింది. వంజరం వేయించిన రోజున ఇప్పుడు నేను మింగుతూనే ఉన్నాను. మా ఆవిడ గ్లాసు వంక చూసి, పెనం మీద ముక్క తిరగేస్తుంది.

సర్రీ వెళ్ళేముందు చివరి చెక్కు కోసం వచ్చింది. కవరు అందించాను. క్షమించమని అనాలనుకున్నాను, "చలి తగ్గింది కదమ్మా" అన్నాను. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఒక్కటి చెప్పుర్రి అంకుల్. గాడిదన్న నిజమేనా?"

"ఉండేదమ్మా, నిజంగా ఉండేది" అన్నాను. ఎక్కడ ఉండేదో చెప్పలేదు.